స్మార్ట్ లాక్‌కి బ్లాక్‌చెయిన్ కావాలా? తలుపు ఎవరికి తెరుచుకోవాలో ఎవరు చెప్పాలి?

పోయిన ఎపిసోడ్ కింద మీలో చాలామంది ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. "ఆన్‌లైన్‌లో ఒక స్మార్ట్ లాక్ చూశాను, 'బ్లాక్‌చెయిన్ సెక్యూర్డ్' అని రాసుంది, మామూలు దానికంటే మూడు వేలు ఎక్కువ, కొనొచ్చా?" అని. తాళం బదులు కొందరు కెమెరా అన్నారు. ఒకాయన గీజర్ అన్నారు. గీజర్‌కి బ్లాక్‌చెయిన్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. సరే, ఈ రోజు మొత్తం దాని గురించే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగు ఎపిసోడ్ ఇది, టీ తెచ్చుకోండి.

బ్లాక్‌చెయిన్ జోలికి పోయే ముందు, అసలు జబ్బేంటో చూద్దాం. జబ్బు తెలియకుండా మందు ధర మాట్లాడుకోవడం దండగ కదా.

2016 అక్టోబర్ 21. అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడ్డిట్ లాంటివి గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. వెబ్‌సైట్ పేరు టైప్ చేస్తే దాని అడ్రస్ వెతికి ఇచ్చే సర్వీసు ఒకటి ఉంటుంది. డైన్ అనే కంపెనీ ఆ పని చేసేది. దాని మీదకి ఒకేసారి వరదలాగా రిక్వెస్టులు వచ్చి పడ్డాయి. ఆ వరద ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఇళ్ళల్లో, షాపుల్లో గోడకి బిగించిన కెమెరాల నుంచి, వాటి డీవీఆర్ డబ్బాల నుంచి, వైఫై రౌటర్ల నుంచి. వాటిని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు మిరాయ్. జపనీస్ భాషలో ఆ మాటకి భవిష్యత్తు అని అర్థం. పేరు మాత్రం బాగా పెట్టారు.

దాన్ని రాసింది ముగ్గురు కుర్రాళ్ళు. మీ వయసు వాళ్ళే. మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల వ్యాపారంలో గొడవలు, పోటీ సర్వర్‌ని పడగొట్టడం, అక్కడ మొదలైంది కథ. 2016 సెప్టెంబర్ చివర్లో ఆ కోడ్ నెట్‌లో బయటికి వచ్చేసింది, ఆ తర్వాత ఎవరు పడితే వాళ్ళు వాడుకున్నారు. ఆ ముగ్గురూ 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

ఇక్కడ అసలు విషయం చెప్తాను, జాగ్రత్తగా వినండి. మిరాయ్ ఏ తాళమూ పగలగొట్టలేదు. దాని దగ్గర ఒక జాబితా ఉండేది. 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు. 'అడ్మిన్, అడ్మిన్'. 'రూట్, 12345'. ఇలాంటివి. ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి డబ్బా తలుపూ తట్టి, ఆ జాబితాలోవి ఒక్కొక్కటీ వేసి చూసేది. కుదిరిన చోట దర్జాగా లాగిన్ అయిపోయేది. గడప పక్కన పూలకుండీ కింద తాళం చెవి పెట్టి ఊరెళ్ళినట్టు, ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్‌ని మనం మార్చలేదు. కొన్ని డబ్బాల్లో మార్చుకునే దారే లేదు.

ఆ తర్వాత ప్రభుత్వాలు కొంచెం కళ్ళు తెరిచాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి ఇలాంటి వస్తువులు అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలో కూడా సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ మీ ఇంట్లో ఇప్పటికే బిగించి ఉన్న పాత కెమెరాని ఏ నోటిఫికేషనూ వచ్చి మార్చదు.

సరే, పాస్‌వర్డ్ వద్దు, మరేంటి? జవాబు చాలా ఏళ్ళుగా ఉంది: తాళం చెవుల జత. దీన్ని ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ అంటారు. ప్రైవేట్ కీ మీ ఫోన్‌లోని సెక్యూర్ చిప్ లోపల పుడుతుంది, అక్కడే ఉంటుంది, బయటికి రాదు. పబ్లిక్ కీ ఎవరికైనా ఇవ్వొచ్చు, కిరాణా షాపులో అతికించిన క్యూఆర్ కోడ్‌లాగా, చూసినంత మాత్రాన ఎవరూ ఏమీ చేయలేరు. మీరు తలుపు దగ్గరికి వెళ్తే తాళం ఒక పిచ్చి నంబర్ పంపుతుంది, ప్రతిసారీ కొత్తది. మీ ఫోన్ ఆ నంబర్ మీద ప్రైవేట్ కీతో సంతకం పెట్టి తిరిగి పంపుతుంది. తాళం దగ్గర మీ పబ్లిక్ కీ ఉంది కాబట్టి ఆ సంతకం మీదేనా కాదా అని సరిచూస్తుంది. మధ్యలో ఎవడైనా విన్నా వాడికి దొరికేది ఒకసారి వాడి పారేసిన సంతకం. రేపు పనికి రాదు.

మరి వేలిముద్ర సంగతేంటి అంటారేమో. మీరు ఫోన్ మీద వేలు పెట్టినప్పుడు వేలిముద్ర తాళం దాకా వెళ్ళనక్కర్లేదు. అది ఫోన్‌లో ఆ ప్రైవేట్ కీని వాడుకోవడానికి అనుమతి ఇస్తుంది, అంతే. "మేము మీ వేలిముద్రని బ్లాక్‌చెయిన్‌లో భద్రంగా దాస్తాం" అని ఎవరైనా అంటే, ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా.

గమనించారా, ఇంతవరకు బ్లాక్‌చెయిన్ అనే మాట అవసరమే రాలేదు. అమ్మకపు పేజీల్లో గొప్పగా చెప్పే 'ఎన్‌క్రిప్షన్', 'డిజిటల్ సిగ్నేచర్' ఇవన్నీ బ్లాక్‌చెయిన్ లేకుండా దొరికేవే. మరి దాని పని ఎక్కడ మొదలవుతుంది? ఒక మెసేజ్ చదువుతాను, దాంతో అర్థమవుతుంది.

మాదాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో కొత్తగా అద్దెకి దిగిన అమ్మాయి రాశారు. తలుపుకి స్మార్ట్ లాక్ ఉంది. ఓనర్ అంకుల్ యాప్‌లో ఈవిడని యాడ్ చేయించారు. ఒకరోజు హిస్టరీ చూస్తే రాత్రి పదకొండున్నరకి ఎవరో ఫోన్ నుంచి అన్‌లాక్ అయినట్టు ఉంది. ఆవిడ అప్పటికి నిద్రపోయారు. కనుక్కుంటే ఆ ఫోన్ ఇంతకుముందు అద్దెకున్న వాళ్ళది. పొరపాటున నొక్కారట, వేరే ఊళ్ళో ఉన్నారట. ఓనర్‌ని అడిగితే, "వాళ్ళు మంచోళ్ళేనమ్మా, భయమేం లేదు" అన్నారు. ఆవిడకి మాత్రం ఆ రోజు నుంచి తలుపు వెనక కుర్చీ పెడితే గానీ నిద్ర పట్టడం లేదు. తాళం కంపెనీకి మెయిల్ పెడితే, "ఖాతా యజమాని అనుమతి లేకుండా మేము ఎవరినీ తీసేయలేం" అని జవాబు. యజమాని ఎవరయ్యా అంటే, తాళం బిగించిన రోజు మొదట రిజిస్టర్ చేసుకున్న ఆ పాత అద్దెవాళ్ళే!

చూశారా. ఇందులో హ్యాకింగ్ లేదు. పాస్‌వర్డ్ బలహీనం కాదు. ఆ పాత అద్దెవాళ్ళ ఫోన్ నిజంగా వాళ్ళదే, సంతకం నిజమైనదే. తప్పు వేరే చోట ఉంది. "నువ్వెవరు?" అనేది ఒక ప్రశ్న. "నీకు ఈ తలుపు మీద హక్కు ఉందా, ఇప్పటికీ ఉందా?" అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకి జవాబు ఒక జాబితాలో ఉంటుంది. ఆ జాబితా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. అందులో ఎవరు రాయాలి, ఎవరు కొట్టేయాలి అనేది కంపెనీ రూలు.

సర్వరే లేకుండా పోతే? అదీ జరిగింది. రివాల్వ్ అని ఒక స్మార్ట్ హోమ్ హబ్ ఉండేది. దాన్ని కొనేసిన నెస్ట్ 2016 మేలో సర్వీసు ఆపేసింది, డబ్బు పెట్టి కొన్న హబ్‌లు పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు ముందు చెప్పకుండానే ఆగిపోయాయి. ఇంట్లో లైట్ల ఆటోమేషన్ పోయింది, యాప్ పోయింది. తర్వాత కొందరు కస్టమర్లే కలిసి ఆ కంపెనీని కొని మళ్ళీ నడిపించుకున్నారు. అందరికీ అంత ఓపిక ఉండదు కదా.

ఇదిగో, ఇక్కడ బ్లాక్‌చెయిన్ గుర్తుకొస్తుంది. దీన్ని అమ్మవాళ్ళు వేసే చీటీతో చెప్తాను. ఇరవై మంది సభ్యులు, పుస్తకం మాత్రం చీటీ నడిపే ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎవరు కట్టారు, ఎవరు పాడుకున్నారు, అన్నీ ఆవిడ రాసిందే లెక్క. ఇప్పుడు ఇరవై మంది దగ్గరా అదే పుస్తకం ఉందనుకోండి. ఏ కొత్త పద్దు రాయాలన్నా ఎక్కువమంది సరే అనాలి. ఇంకో కిటుకు కూడా: ప్రతి పేజీ మొదట్లో వెనక పేజీ మొత్తానికి ఒక వేలిముద్ర లాంటి నంబర్ రాస్తారు, దాన్నే హ్యాష్ అంటారు. వెనక పేజీలో ఒక్క అంకె మార్చినా ఆ నంబర్ మారిపోతుంది, తర్వాతి పేజీలన్నీ పొసగవు. దొంగతనం వెంటనే బయటపడుతుంది. ఈ పోలిక నేను ఊరికే తెచ్చింది కాదు, తెలంగాణలో రిజిస్టర్డ్ చిట్‌ఫండ్ల లెక్కల కోసం టి-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక నిజంగానే వచ్చింది.

ఈ ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టింది కూడా కాదు. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు, ఒక డాక్యుమెంట్ ఫలానా తేదీకే ఉందని ఎలా రుజువు చేయాలి అని ఆలోచించి, హ్యాష్‌లని గొలుసుగా అల్లే పద్ధతి రాశారు. 1995 నుంచి వాళ్ళ కంపెనీ ఆ హ్యాష్‌ని న్యూయార్క్ టైమ్స్ పేపర్‌లో వారం వారం ఒక చిన్న ప్రకటనగా వేయించేది. ఆలోచించండి, లక్షల ఇళ్ళల్లో ఆ పేపర్ ఉంది, ఎవరు వెళ్ళి అన్నిట్లో మార్చగలరు? 2008 బిట్‌కాయిన్ పత్రంలో కూడా వాళ్ళ పనిని ఉదహరించారు. నాకు చాలా ఇష్టమైన కథ ఇది, అందుకే చెప్పాను.

ఇప్పుడు మన తాళానికి వద్దాం. పుస్తకంలో డబ్బు లెక్కలకి బదులు ఇలా రాస్తారు: "ఈ తాళం ఈ ఓనర్ కీకి చెందింది." "ఈ కీకి మార్చి 31 దాకా అనుమతి." "ఈ కీ రద్దు." ఫోన్ సంతకం పెట్టగానే తాళం ఆ పుస్తకం చూస్తుంది, రద్దయిన కీ అయితే తెరవదు. కంపెనీలో ఎవరో ఒక ఉద్యోగి రాత్రికి రాత్రి చాటుగా ఒక పేరు చేర్చలేడు, చేరిస్తే అందరికీ కనపడుతుంది. కంపెనీ మూతపడినా పుస్తకం మిగతావాళ్ళ దగ్గర ఉంటుంది. ఇలా కంపెనీ ఖాతా లేకుండా మన గుర్తింపు మన దగ్గరే ఉంచుకునే పద్ధతికి డబ్ల్యూ3సీ సంస్థ 2022 జూలైలో ఒక ప్రమాణం కూడా ఆమోదించింది, డిసెంట్రలైజ్డ్ ఐడెంటిఫయర్లు అంటారు. ఆ ప్రమాణం బ్లాక్‌చెయిన్ తప్పనిసరి అనలేదు, వాడుకోవచ్చు అంది. అమ్మేవాళ్ళు ఈ రెండో ముక్క చెప్పరు.

వినడానికి బాగుంది. మరి ఎక్కడైనా నిజంగా నడుస్తోందా? నడుస్తోంది, బహుశా మీకు తెలియకుండానే మీరు వాడి ఉంటారు. మ్యాటర్ అని స్మార్ట్ హోమ్ వస్తువులకి ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది, 2022 అక్టోబర్‌లో వచ్చింది. ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అన్నీ అందులో ఉన్నాయి. మ్యాటర్ గుర్తు ఉన్న బల్బు కొంటే దాని మీద ఒక క్యూఆర్ ఉంటుంది, లేదా 11 అంకెల కోడ్. ఫోన్‌తో స్కాన్ చేయగానే వెనకాల జరిగేది ఇది. ఆ బల్బు చిప్‌లో ఫ్యాక్టరీలోనే పెట్టిన ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఫోన్ దాన్ని అడిగి తీసుకుని, ఈ సర్టిఫికెట్ ఇచ్చినవాడు నమ్మదగినవాడేనా, ఈ మోడల్‌కి నిజంగా ఆమోదం ఉందా అని సరిచూస్తుంది. ఆ నమ్మకమైన వివరాలన్నీ ఉండే చోటు పేరు డిస్ట్రిబ్యూటెడ్ కంప్లయన్స్ లెడ్జర్. అది ఒక బ్లాక్‌చెయినే. కాకపోతే దాన్ని నడిపే కంప్యూటర్లు ఆ కూటమి, సభ్య కంపెనీల చేతుల్లో ఉంటాయి. చదవడానికి ఎవరైనా చదవొచ్చు, రాయడానికి మాత్రం అనుమతి ఉన్నవాళ్ళే.

ఒక్క తేడా గమనించండి. ఆ పుస్తకంలో ఉన్నది వస్తువు గురించి. ఇది అసలుదా నకిలీదా అని. మీ ఇంట్లో ఆ బల్బు ఎవరి మాట వినాలి అనేది అందులో లేదు, అది మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే, ఆ బల్బులోనే ఉంటుంది. ఇంతమంది ఇంజనీర్లు కూర్చుని, వస్తువు గుర్తింపుకి పంచుకున్న పుస్తకం వాడి, మనిషి అనుమతిని ఇంట్లోనే ఉంచారు. ఇది నాకు చాలా తెలివైన పని అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మొదటిది, వేగం. బిట్‌కాయిన్‌లో ఒక కొత్త పేజీ సగటున పది నిమిషాలకి పడుతుంది. వానలో తడుస్తూ తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడతారా? వేరే చెయిన్లు వేగంగానే ఉంటాయి, ఈథీరియమ్‌లో పన్నెండు సెకన్లు. అది కూడా తాళానికి ఎక్కువే.

రెండోది ఇంకా మొండి సమస్య, దీని దగ్గర కాసేపు ఆగాలి. బిట్‌కాయిన్ పూర్తి పుస్తకం 500 జీబీ దాటిపోయింది. చిన్న సెన్సర్‌లో ఉండే చిప్‌కి ర్యామ్ కొన్నిసార్లు పది కేబీ. జీబీ కాదు, ఎంబీ కాదు, కేబీ. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు. కాబట్టి తాళం పుస్తకాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. ఎవరినో అడగాలి. ఎవరిని? ఇంట్లో ఉన్న హబ్‌ని, లేదా కంపెనీ గేట్‌వేని. ఆ గేట్‌వే అబద్ధం చెప్తే? ఎవరినీ నమ్మక్కర్లేదు అని మొదలుపెట్టి, చివరికి మళ్ళీ ఒకరి మాట మీద నిలబడ్డాం. దీనికి టెక్నికల్ దారులు ఉన్నాయి, పుస్తకం మొత్తం లేకుండా చిన్న రుజువుతో సరిచూసే పద్ధతులు ఉన్నాయి. కానీ మీరు కొనబోయే తాళంలో అవి ఉన్నాయో లేదో ఆ అట్టపెట్టె మీద ఎవరూ రాయరు. చాలా చోట్ల 'బ్లాక్‌చెయిన్' అంటే కంపెనీ సర్వర్ పక్కనే ఇంకో డేటాబేస్, అంతే అని నా అనుమానం.

ఈ రంగం కోసమే ప్రత్యేకంగా కట్టిన నెట్‌వర్క్ ఐయోటా. చిన్న చిన్న పరికరాల మధ్య లావాదేవీల కోసం అని మొదలైంది. 2020 ఫిబ్రవరిలో వాళ్ళ వాలెట్ యాప్‌లోకి దొంగలు దూరారు. అప్పుడు ఏం చేశారు? కోఆర్డినేటర్ అనే ఒక కేంద్ర భాగాన్ని ఆపేశారు, దాంతో నెట్‌వర్క్ దాదాపు నెల రోజులు నిలిచిపోయింది. జనం డబ్బు కాపాడటానికి ఆపడం సరైన పనే కావచ్చు. కానీ ఒక్క స్విచ్‌తో ఆగే దాన్ని ఎవరి చేతిలోనూ లేని వ్యవస్థ అంటామా?

ఇక ఫోన్ పోతే. బస్సులో కొట్టేశారు, లేదా బకెట్‌లో పడింది. ప్రైవేట్ కీ పోయింది. మామూలు యాప్ అయితే ఓటీపీతో మళ్ళీ లాగిన్ అవుతాం. ఇక్కడ 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' బటన్ లేదు. 2017 నవంబర్‌లో ఈథీరియమ్‌లో ఒక వాలెట్ కోడ్‌ని ఎవరో నొక్కకూడనిది నొక్కి చెడగొడితే, ఐదు లక్షలకి పైగా ఈథర్ కాయిన్లు అందులో ఇరుక్కుపోయాయి. దొంగ పట్టుకుపోలేదు, ఎవరూ తీయలేరు. తలుపు విషయంలో అలా ఇరుక్కుంటే కార్పెంటర్‌ని పిలవాలి.

చెరగదు అనే గుణం కూడా రెండు వైపులా కోస్తుంది. మీరు ఏ రోజు ఎన్నింటికి ఇంటికి వచ్చారో పబ్లిక్ చెయిన్‌లో పడితే అది ఎప్పటికీ ఉంటుంది. మన డేటా చెరిపేయమని అడిగే హక్కు 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది. చెరగని పుస్తకంలో ఏది చెరుపుతారు? అందుకే కీలూ, రద్దులూ లాంటివే అక్కడ రాయాలి, మీ రాకపోకలు రాయకూడదు.

ఇప్పుడు ఆ మాదాపూర్ మెసేజ్‌కి జవాబు. బ్లాక్‌చెయిన్ తాళం ఉన్నా మీ సమస్య అలాగే ఉండేదండీ. ఎందుకంటే పాత అద్దెవాళ్ళే యజమాని అని ఆ పుస్తకంలో రాసి ఉంటే, ఇరవై కాపీల్లోనూ అదే ఉంటుంది. రాసింది మారకుండా కాపాడటం దాని పని, రాసింది న్యాయమా కాదా అని అది అడగదు. మీరు చేయాల్సింది ఇది. ఓనర్ అంకుల్‌ని పక్కన ఉంచుకుని తాళాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. చాలా తాళాలకి లోపలి వైపు, బ్యాటరీ మూత కింద చిన్న బటన్ ఉంటుంది, మాన్యువల్ చూడండి. కొన్నిట్లో రీసెట్ చేసినా పాత ఖాతా అతుక్కునే ఉంటుంది, అప్పుడు పాతవాళ్ళు తమ యాప్ నుంచి తీసేయాలి, ఓనర్ ఫోన్ చేసి చేయించాలి, అది ఆయన బాధ్యత. తర్వాత మొదటి ఖాతా ఓనర్‌ది ఉండాలా మీదా అనేది ఒప్పందంలో రాయించుకోండి. మ్యాటర్ తాళమైతే ఒక సంగతి: దాని మీద అతికించిన క్యూఆర్ రీసెట్ తర్వాత కూడా అదే ఉంటుంది. పాతవాళ్ళు ఫొటో తీసుకుని ఉండొచ్చు. భయపడకండి, తాళం జత చేసుకునే మోడ్‌లో ఉన్న కొద్దిసేపే ఆ కోడ్ పని చేస్తుంది. రీసెట్ చేసిన వెంటనే తలుపు దగ్గరే నిలబడి మీ ఫోన్‌తో జత చేసేయండి, ఆ కిటికీ మూసుకుపోతుంది. ఇవన్నీ అయ్యేదాకా లోపల ఒక మామూలు గడియ బిగించుకోండి. రెండు స్క్రూలు, ఏ సర్వరూ అక్కర్లేదు.

మరి మూడు వేలు ఎక్కువ పెట్టాలా? నేనైతే పెట్టను, అమ్మేవాడు కొన్నిటికి తిన్నగా జవాబు చెప్తే తప్ప. ఆ పుస్తకం కాపీలు మీ కంపెనీ కాకుండా ఇంకెవరి దగ్గర ఉన్నాయి? నెట్ లేనప్పుడు తాళం ఎలా తెరుచుకుంటుంది? ఫోన్ పోతే నేను ఎలా లోపలికి వెళ్ళాలి? రేపు మీరు దుకాణం కట్టేస్తే? చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొదటి ప్రశ్నకే 'మా సర్వర్లు చాలా సేఫ్ సార్' అని వస్తే అర్థమైపోతుంది. ఆ డబ్బుతో మామూలు తాళానికి బ్యాటరీలు, ఇంకో రెండు స్పేర్ తాళం చెవులు వస్తాయి.

ఆఖరిగా ఒక కామెంట్: "అన్నా, ఇది వాడాలంటే కాయిన్ కొనాలా?" వద్దు తమ్ముడూ. ఇందాక చెప్పిన మ్యాటర్ లెడ్జర్‌లో మనం కొనాల్సిన కాయినే లేదు, బల్బు కొంటే చాలు. తాళం అమ్ముతూ పక్కన కాయిన్ కూడా కొనమంటున్నారంటే వాళ్ళు అమ్మేది తాళం కాదన్నమాట.

వచ్చే ఎపిసోడ్‌లో పాస్‌కీల గురించి. మీ ఇంట్లో కెమెరాకి ఇంకా 'అడ్మిన్' పాస్‌వర్డే ఉంటే, అది వచ్చేలోపు మార్చేయండి. ఉంటాను మరి.